పిలకాయలు తెచ్చిన మాటలు

నెల్లూరు జిల్లాలో, కోవూరు వైపున్న ఒక ఉన్నత పాఠశాలలో నేను తెలుగు చెబుతాను. నిరుడు తొమ్మిదో తరగతికి ఒక పని పెట్టాను: ప్రతి ఒక్కరూ తనదనిపించే ఒక మాటను తెచ్చి, దాని వెనకనున్న సంగతిని తరగతికి చెప్పాలి. మొదటి వారం అది పూర్తిగా బెడిసికొట్టింది. సగం మంది ‘అమ్మ’ అనీ, మిగిలినవారు ‘స్నేహం’, ‘దేశభక్తి’ అనీ రాసుకొచ్చారు. కింద రాసిన నాలుగేసి వాక్యాలూ పాఠ్యపుస్తకంలోంచి దిగినవే.

ఎందుకలా అయిందో పాత నోటుపుస్తకాలు తిరగేస్తే తెలిసింది. ‘ఆదివారం పిలకాయలమంతా చెరువుకాడికి పోయినాం’ అని ఒక అబ్బాయి రాసిన వాక్యంలో ‘పిలకాయలు’, ‘కాడికి’ అన్న మాటలను ఎర్ర సిరాతో కొట్టేసి, పైన ‘పిల్లలు’, ‘దగ్గరకు’ అని దిద్దినవాణ్ణి నేనే. ఇంటి మాటను గడప బయటే విడిచి రమ్మని మూడేళ్లు చెప్పి, ఇప్పుడు దాన్నే తెమ్మంటే ఎవరు తెస్తారు?

అందుకని రెండో వారం ముందుగా నా మాట చెప్పాను. మాది ఒంగోలు పక్క పొగాకు పండించే ఊరు. నా మాట ‘బ్యారన్’, అంటే పచ్చి పొగాకును వేడితో ఆరబెట్టే గది. ఆకు కట్టిన కర్రలను లోపల వరుసగా వేలాడదీసి, వేడి హెచ్చుతగ్గులు కాకుండా మా నాన్న రాత్రంతా పొయ్యి దగ్గర కూర్చునేవాడనీ, ఆ ఆకు వాసన తగిలితే చాలు, ఈనాటికీ మా ఊళ్లో ఉన్నట్లే అనిపిస్తుందనీ చెప్పాను. ‘అది ఇంగ్లీషు గదా సార్’ అని వెనక బెంచీ నుంచి ఆక్షేపణ వచ్చింది. ఇంగ్లీషు ముక్క రానివాళ్లే మా ఊళ్లో ఆ మాటను ఎక్కువగా వాడతారని జవాబిచ్చాను.

అక్కడి నుంచి మాటలు కదిలాయి. ఒక అమ్మాయి ‘లాభం’ తెచ్చింది. కళ్లంలో వడ్లు కొలిచేటప్పుడు వాళ్ల తాత మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అంటాడట. ఏడు దగ్గరికి వచ్చేసరికి, అందులో ఏడుపు వినబడుతుందని, ‘ఆరున్నొకటి’ అంటాడట. సుద్దముక్కల డబ్బాతో గాలిని కొలుస్తూ, తాత గొంతుతోనే లెక్కపెట్టి చూపించింది. నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి అని నేను నల్లబల్ల మీద రాస్తుంటే, ‘పుట్టంటే 850 కిలోలు సార్’ అని ఒక రైతు కొడుకు అడ్డుపడ్డాడు. వాడన్నదీ నిజమే. నెల్లూరులో ధాన్యం బేరం ఇప్పటికీ పుట్టి లెక్కనే సాగుతుంది. కొలత పోయి తూకం వచ్చినా పేరు మారలేదు.

ఇంట్లో ఉర్దూ మాట్లాడే అమ్మాయి ‘రొట్టె’ తెచ్చింది. మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గాలో, కోరిక ఉన్నవారు ఆ కోరిక పేరిటి రొట్టెను పట్టుకుంటారు. తీరినవారు మరుసటి ఏడు తెచ్చి ఇస్తారు. ‘వేరే ఊళ్లలో రొట్టెను తింటారు సార్, మనం పట్టుకుంటాం’ అన్నది ఆ అమ్మాయి. ఆ క్రియాపదం తేడాను నేనెన్నడూ గమనించలేదు.

పబ్లిక్ పరీక్షలో దిద్దేవారు ఏ జిల్లావారో తెలియదు గనక ‘ఎర్రగడ్డ’తో పాటు ‘ఉల్లిపాయ’ను కూడా నేర్పుతూనే ఉన్నాను, కాకపోతే ఇంటి మాటను కొట్టేయకుండా, పుస్తకపు మాటను పక్క అంచులో పెన్సిలుతో రాస్తున్నాను.

ఒక్క అబ్బాయి విషయంలో మాత్రం పని చెడింది. అతడు నోరు తెరవగానే ఆ యాసకు ఇద్దరు నవ్వారు. నేను వాళ్లమీద గట్టిగా అరిచాను. ఆ అరుపుకు అతడే ఎక్కువగా బెదిరి కూర్చుండిపోయాడు. ఇప్పుడు పదో తరగతిలో ఉన్నాడు. ఆ మాటను రాసి నాకొక్కడికే ఇమ్మని అడిగాను. ఇంకా ఇవ్వలేదు.