హాచీ దగ్గర కలుద్దాం

"హాచీ దగ్గర కలుద్దాం. ఆరింటికల్లా వచ్చేస్తా."

టోక్యో దగ్గరి నరీతా ఎయిర్‌పోర్టులో ఫోన్ ఆన్ చేయగానే నా స్నేహితురాలి నుంచి వచ్చిన మొదటి మెసేజ్ ఇది. హాచీ అంటే టోక్యోలో షిబుయా స్టేషన్ బయట ఉన్న కుక్క విగ్రహం. మా ఇద్దరికీ అంతకంటే మంచి చోటు ఇంకెక్కడ దొరుకుతుంది? మమ్మల్ని కలిపిందే ఒక కుక్క.

ఏడేళ్ల కిందట, ఒక వాన రాత్రి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కుక్కపిల్ల ఏడుపు వినబడింది. నేను టార్చి పట్టుకుని దిగేసరికి నాలుగో అంతస్తు అమ్మాయి అప్పటికే నేల మీద బోర్లా పడుకుని, కారు కిందికి చెయ్యి చాపి పిలుస్తోంది. నాలుగేళ్లుగా ఒకే లిఫ్టులో తిరుగుతున్నాం, ఒకరి పేరు ఒకరికి తెలియదు. ఆ పిల్లని తుడిచి, పాలు తాగించి పడుకోబెట్టేసరికి తెల్లారిపోయింది. మా కష్టసుఖాలన్నీ చెప్పేసుకోవడం కూడా అయిపోయింది. దానికి చిట్టి అని పేరు పెట్టాం. పొద్దున వాకింగ్ ఆమెది, సాయంత్రం నాది.

మూడేళ్ల కిందట ఆమెకి టోక్యోలో ఉద్యోగం వచ్చింది. నెలలో చేరాలి. మన దేశం నుంచి కుక్కని జపాన్ తీసుకెళ్లాలంటే మైక్రోచిప్ వేయించాలి, రేబిస్ టీకా రెండుసార్లు వేయించాలి, రక్తపరీక్ష చేయించాలి, ఆ తర్వాత 180 రోజులు ఆగాలి. పైగా ఆమెకి దొరికిన అద్దె ఇంట్లో కుక్కల్ని ఒప్పుకోరు. చిట్టి నా దగ్గరే ఉండిపోయింది. చాలా రోజులు పొద్దున్నే లిఫ్టు ముందు కూర్చునేది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడేది. ఆ సంగతి మాత్రం ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు.

షిబుయా స్టేషన్‌లో హాచీకో పేరుతోనే ఒక ద్వారం ఉంది. హాచీనే హాచీకో అని కూడా అంటారు. అక్కడి నుంచి బయటికి రాగానే విగ్రహం. ఒక పక్క ఫోటోల కోసం క్యూ, ఇంకో పక్క ఎవరి కోసమో చూస్తూ నిలబడ్డ జనం. చూస్తుండగానే ఒక అబ్బాయి చెయ్యి ఊపుతూ పరుగెత్తుకొచ్చాడు, ఇద్దరు ముసలాయనలు ఒకరికొకరు వంగి నమస్కారాలు పెట్టుకున్నారు. నా వంతు రాగానే ముందుకాలి మీద చెయ్యి వేశాను. ఒళ్లంతా నల్లబడిన కంచు, అక్కడ మాత్రం జనం చేతులు తగిలి తగిలి మెరుస్తోంది. ఎడమ చెవి కిందికి వాలిపోయి ఉంది. మా చిట్టికీ ఒక చెవి అంతే.

హాచీ 1923లో పుట్టిన అకీతా జాతి కుక్క. యజమాని ఉయెనో గారు వ్యవసాయ శాస్త్రం చెప్పే ప్రొఫెసర్. 1925 మే 21న యూనివర్సిటీలోనే కుప్పకూలి చనిపోయారు. ఇద్దరూ కలిసి ఉన్నది ఏడాదిన్నర కూడా కాదు. ఆ తర్వాత 1935 మార్చి 8న చనిపోయేదాకా హాచీ ఆయన కోసం ఈ స్టేషన్‌కి వస్తూనే ఉంది. మొదట్లో దాన్ని ఇక్కడ కసిరికొట్టేవాళ్లట. 1932లో పేపర్లో పడ్డాకే అందరికీ ముద్దొచ్చింది. 1934లో, అది బతికుండగానే విగ్రహం పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ విగ్రహాన్ని కరిగించేశారు. ఇప్పుడున్నది 1948లో మొదటి శిల్పి కొడుకు చేసినది.

హాచీ స్టేషన్ దగ్గర దొరికే చికెన్ ముక్కల కోసమే వచ్చేదని అనేవాళ్లు కూడా ఉన్నారు. తిననీ! కుక్కని పెంచిన వాళ్లెవరూ ఆ రెండింటినీ విడదీయరు. చిట్టి బిస్కెట్ కోసమూ వస్తుంది, నా కోసమూ వస్తుంది.

"ఏమే, చిక్కిపోయావేంటే!" వెనక నుంచి గొంతు. ఆ జనంలో ఇద్దరం పట్టుకుని ఏడ్చేశాం.

మర్నాడు ఉయెనో పార్కులోని సైన్స్ మ్యూజియానికి వెళ్లాం. హాచీ చర్మంతో చేసిన నమూనా అక్కడే ఉంది. ఇందులో రెండు చెవులూ నిటారుగా ఉన్నాయి. నాకు అది నచ్చలేదు, వాలిన చెవే హాచీది. అదే చోట జిరో అనే ఇంకో కుక్క నమూనా కూడా ఉంది. 1958లో జపాన్ పరిశోధకులు అంటార్కిటికాలో వదిలేసి రావాల్సి వచ్చిన 15 కుక్కల్లో మరుసటి ఏడాది దాకా బతికి కనిపించిన రెండింటిలో అదొకటి. దాని ముందు ఎక్కువసేపు నిలబడలేకపోయాం.

నేను వెళ్లిన పని తీరింది మాత్రం టోక్యో యూనివర్సిటీ వ్యవసాయ విభాగం గేటు లోపల. హాచీ చనిపోయి 80 ఏళ్లయిన సందర్భంగా 2015లో పెట్టిన విగ్రహం అది. ప్రొఫెసర్ గారు అప్పుడే వచ్చినట్టు, హాచీ వెనక కాళ్ల మీద లేచి ఆయన మీదికి ఎగబాకుతోంది. మూతి పైకెత్తి, ఒళ్లంతా సాగదీసి. చిట్టి కూడా సరిగ్గా ఇలాగే లేస్తుంది, గోళ్లు గుచ్చుకుంటాయని కూడా చూడదు. రోడ్డు మీద గింకో ఆకులు పసుపుపచ్చగా రాలుతున్నాయి. నా స్నేహితురాలు దాని వీపు నిమురుతూ అడిగింది, "నేనొచ్చాక లిఫ్టు దగ్గర కూర్చునేదా?"

"కూర్చునేది" అన్నాను. ఇంక దాచబుద్ధి కాలేదు.

ఆమె ఏమీ అనలేదు. ఇంటికొచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు.

వచ్చే ముందు రోజు యొయోగి పార్కులో కుక్కల కోసం కంచె వేసి వదిలిన చోటు చూపించింది. చిన్నవాటికి వేరే, పెద్దవాటికి వేరే. ఆదివారాలు కంచె బయట బెంచీ మీద కూర్చుంటుందట. ఇద్దరు ముగ్గురు ఆమెని గుర్తుపట్టి పలకరించారు. మనుషుల పేర్లు ఆమెకి ఇంకా తెలియవు గానీ కుక్కలన్నిటి పేర్లూ తెలుసు. అది చూశాక నా టెన్షన్ కాస్త తగ్గింది.

ఎయిర్‌పోర్టుకి బయల్దేరుతుంటే ఒక జిప్ కవర్ నా బ్యాగులో పెట్టింది. రెండు రోజులు వేసుకుని ఉతకకుండా మడిచిన టీ-షర్ట్.

ఇంటికొచ్చి సూట్‌కేస్ తెరవగానే చిట్టి బట్టలన్నీ ముక్కుతో తోసేసి ఆ కవర్ దగ్గర ఆగింది. తీసి ఇచ్చాను. చాలాసేపు వాసన చూసింది, తర్వాత నోట కరుచుకుని తలుపు దగ్గరికి తీసుకెళ్లి దాని మీద పడుకుంది. ఫోటో తీసి పంపాను. మాకు రాత్రి పదిన్నర, అక్కడ రెండు. వెంటనే ఫోన్ మోగింది.

"దాని చెవి దగ్గర పెట్టవే" అంది.