సీసపద్యంలో ఒక పాదం

గట్టిగా ఊపిరి పీల్చుకుంటే కుడి డొక్కలో సూది దిగినట్టు ఉండటం 2024 దీపావళి వెళ్లాక మొదలైంది. పడక సరిగ్గా లేక నరం పట్టేసిందనుకున్నాను.

నేను కాకినాడలో తెలుగు టీచర్ని. ఇరవై రెండేళ్లుగా పిల్లలకి పద్యాలు చదివి వినిపిస్తున్నాను. సీసపద్యంలో ఒక పాదమంటే ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. పుస్తకాల్లో దాన్ని రెండు వరుసలుగా అచ్చు వేస్తారు. నేను ఆ రెండు వరుసలూ ఒక్క ఊపిరిలో చదివేదాన్ని. అలా వింటేనే పిల్లలకి పద్యం నడక పట్టుబడుతుందని నా నమ్మకం. నవంబరులో ఒకరోజు తొమ్మిదో తరగతిలో మొదటి వరుస అయ్యేసరికి నా దగ్గర గాలి అయిపోయింది. ముందు బెంచీలో పిల్ల రెండో వరుస తనే అందుకుని చదివేసింది. నేను కావాలనే వదిలేశాననుకుని మిగతా పిల్లలు చప్పట్లు కొట్టారు.

సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. పొడి దగ్గు. అన్నం చూస్తే వెగటు. దగ్గర్లో ఒక డాక్టరుగారు చలికాలం దగ్గే అని యాంటిబయాటిక్ రాశారు. రెండుసార్లు వాడాను. ఆ తర్వాత డొక్కలో పోటు పూర్తిగా పోయింది. హమ్మయ్య, తగ్గిపోయిందనుకున్నాను. కానీ మేడ మెట్లు ఎక్కుతుంటే మధ్యలో రెయిలింగ్ పట్టుకుని నిలబడాల్సి వచ్చేది. ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే ఊపిరాడేది కాదు.

ఆ పోటు ఎందుకు పోయిందో తర్వాత తెలిసింది. ఊపిరితిత్తి చుట్టూ రెండు పొరలుంటాయట. అవి వాచి ఒకదానికొకటి రాసుకున్నంతకాలం నొప్పి. వాటి మధ్య నీరు చేరి విడదీశాక నొప్పి ఉండదు, ఆయాసం మొదలవుతుంది. ఈ సంగతి నాకు ముందే తెలిసుంటే ఆ మూడు వారాలు పోగొట్టుకునేదాన్ని కాదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

డిసెంబరు మూడో వారంలో ఎక్స్‌రే తీయిస్తే కుడివైపు సగం తెల్లగా వచ్చింది. పెద్దాసుపత్రిలో నన్ను కుర్చీలో ముందుకి వంచి కూర్చోబెట్టి, వీపులోంచి సూది వేసి లీటరు పైన నీరు తీశారు. గడ్డి రంగులో ఉంది. తీస్తున్నంతసేపూ దగ్గు. నలిగి ఉన్న ఊపిరితిత్తి విచ్చుకుంటోంది, అందుకే దగ్గు వస్తోందని చెప్తూ నర్సమ్మ నా భుజం పట్టుకుని నిలబడింది. ఆవిడ చెయ్యి నాకింకా గుర్తుంది.

ఆ నీటికి పరీక్షలు చేశారు. టీబీ.

ఆ మాట విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది మా అమ్మమ్మ చెల్లెలు. నేనామెని చూడలేదు. కోనసీమలో మా అమ్మ వాళ్ల ఊళ్లో ఆమెకి క్షయ వస్తే పశువులపాక పక్కన చిన్న పాక వేసి అక్కడే ఉంచారట. చిన్నప్పుడు మా అమ్మ అన్నం తీసుకెళ్లి దూరంగా పెట్టి వచ్చేదట. ఆ కథ చెప్పేటప్పుడు అమ్మ గొంతు తగ్గిపోయేది. ఆ తగ్గిన గొంతే నాకు వారసత్వంగా వచ్చింది. ఇంటికి రాగానే ఒక స్టీలు గ్లాసు, ఒక కంచం, ఒక చెంచా తీసి కిటికీ గూట్లో వేరుగా పెట్టుకున్నాను.

డాక్టరుగారు స్పష్టంగానే చెప్పారు. జబ్బు పొరలోనే ఉంది, ఊపిరితిత్తిలో లేదు, కళ్లె పరీక్షలో ఏమీ రాలేదు, కాబట్టి ఇంట్లో ఎవరికీ అంటుకోదని. ఊపిరితిత్తుల్లో ఉన్నా అది గాలి ద్వారా వస్తుందే తప్ప కంచాలు, గ్లాసుల వల్ల రాదని. తల ఊపాను. గ్లాసు మాత్రం గూట్లోనే ఉంచాను. బంధువులకీ స్కూల్లోనూ "నిమ్ము చేరిందండీ" అని చెప్పాం. మా వాడకంలో ఆ మాటలో ఏదైనా ఇమిడిపోతుంది.

డిసెంబరు 29, ఆదివారం పొద్దున్న పరగడుపున మొదటి మోతాదు. నా బరువు 53 నుంచి 47 కిలోలకి దిగింది. ఆ బరువుకి రోజుకి మూడు బిళ్లలు, ఒక్కో బిళ్లలో నాలుగు రకాల మందు. 56 రోజులు అవి, తర్వాత 112 రోజులు మూడు రకాల మందున్న బిళ్లలు. మొత్తం 168 రోజులు. మందంతా ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. తిండికని నెలకి 1000 రూపాయలు బ్యాంకులో వేస్తుంది. నేను వాటితో గుడ్లు కొనుక్కున్నాను. మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. వాంతులు మాత్రం జనవరి నెలంతా వేధించాయి. సంక్రాంతికి పుట్టింటికి వెళ్లలేదు. ఆ నెల గురించి ఇంకేమీ రాయాలని లేదు.

ఊపిరికి వ్యాయామంగా ప్లాస్టిక్ పరికరం ఒకటి ఇచ్చారు. మూడు గదులు, మూడు బంతులు. వాటి మీద 600, 900, 1200 అని అంకెలు. గొట్టంలోంచి గాలి లోపలికి లాగితే బంతులు లేవాలి. మొదట్లో ఒక్క బంతి లేచి వణికి పడిపోయేది.

ఫిబ్రవరి 23న మందు మారింది. ఆ రోజూ ఆదివారమే. ఆయన నన్నూ అమ్మాయినీ కోరంగి మడ అడవులకి తీసుకెళ్లారు. చెట్ల మధ్యలోంచి చెక్క వంతెన వేసి ఉంటుంది. ఎత్తుపల్లాలు లేవు, నీడ, మధ్యమధ్య కూర్చోవచ్చు. నాలాంటి వాళ్లు నడవడానికి అంతకంటే మంచి చోటు లేదు. ఆ వేళకి నీరు వెనక్కి తీసి బురద బయటపడింది. బురద నిండా వేళ్లంత పుల్లలు నిటారుగా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. అమ్మాయి ఇంటర్ బైపీసీ. "అవి వేర్లు అమ్మా. బురదలో గాలి ఉండదుగా, ఊపిరి కోసం పైకొస్తాయి. శ్వాస వేర్లు" అంది. ఇదే ఊళ్లో ఉంటూ వాటిని ఎన్నోసార్లు చూశాను, ఎప్పుడూ అడగలేదు. చాలాసేపు అక్కడే కూర్చున్నాను. మా అమ్మాయి నీళ్ల సీసా తెరిచి తాగి నాకిచ్చింది. నేను సంచీలోంచి నా సీసా తీసుకున్నాను. తను ఏమీ అనలేదు. సీసా మూత పెట్టేసుకుని అటు తిరిగింది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ ఏడు నిజంగానే పోయింది. మార్చిలో స్కూలుకి వెళ్లడం మొదలుపెట్టాను. 15 నుంచి ఒంటిపూట బడులు. ఎండెక్కేలోగా ఇంటికొచ్చి ఓ కునుకు తీసేదాన్ని. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి మళ్లేది. కాకినాడలో ఎండాకాలానికి ఆ గాలే దిక్కు. కిటికీ రెక్క టపటపా కొట్టుకుంటే లేచి చీర మార్చుకుని నడకకి బయల్దేరేదాన్ని.

మా ఇల్లు జగన్నాథపురంలో. నడకకి నేను పెట్టుకున్న గురి వంతెన. కొత్తగా వచ్చేవాళ్లకి అది మామూలు వంతెన. నాకు ఆ నెలల్లో అది కొండ. మొదటి వారం సగం దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. రెండో వారం నడిమధ్యకి చేరి గోడ పట్టుకుని నిలబడ్డాను. కింద ఉప్పుటేట్లో పడవలు, వలలు సర్దుతున్న మనుషులు, ఆరేసిన చేపల వాసన. మల్లెమొగ్గల బుట్టతో ఒకామె వంతెన దిగుతోంది. మల్లెల వాసన, ఎండుచేపల వాసన కలిసి ఒక్కసారి ముక్కుకి తగిలాయి. మందుల మూలంగా మూడు నెలలుగా నాకు తెలిసిందంతా నోట్లో ఒక చేదు, ఇనుము రుచి. ఆ సాయంత్రం ముక్కు తెరుచుకుంది. మూర కొని జడలో పెట్టుకున్నాను. పెట్టుకుంటూ చేతులు పైకెత్తితే కుడివైపు పొర లాగింది. అయినా పెట్టుకున్నాను.

బీచికి మాత్రం ఆదివారాలే. సూర్యారావుపేట దగ్గర సముద్రం పెద్దగా అరవదు. ఎదురుగా హోప్ ఐలాండ్ ఉంది కదా, గోదావరి తెచ్చిన ఇసుకతో పెరిగిన దిబ్బ, అది అలల్ని అక్కడే ఆపేస్తుంది. అదే ఉత్తరాన ఉప్పాడ వెళ్తే అలలు రోడ్డునే కోసుకుపోతాయి. నాకు ఈ నెమ్మది సముద్రమే కావాలనిపించేది. దూరంగా లంగరు వేసిన ఓడలు, వాటి దగ్గరికి సరుకుతో వెళ్లే బార్జీలు. పొద్దుపోయాక ఓడల దీపాలు ఒక్కొక్కటే వెలిగేవి. నేను ఇసుకలో కూర్చుని ఊపిరి ఎంతసేపు నిలుస్తుందో మనసులో పద్యం చదువుకుని కొలుచుకునేదాన్ని. పాదంలో మొదటి వరుస దాటి, రెండో వరుసలో ఒక గణం దాకా వచ్చేది.

మార్చి 24 ప్రపంచ క్షయ దినం. 1882లో రాబర్ట్ కాఖ్ అనే జర్మన్ వైద్యుడు ఈ జబ్బు కలిగించే క్రిమిని కనుక్కున్నట్టు ప్రకటించిన రోజు. ఆరోగ్య కార్యకర్త ఒకావిడ మా స్కూలుకి వచ్చి పిల్లలకి చెప్పారు. రెండు వారాలకి మించి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే పరీక్ష చేయించుకోవాలని. చివర్న ఎనిమిదో తరగతి కుర్రాడు లేచి, "టీబీ వస్తే చచ్చిపోతారాండీ?" అని అడిగాడు. ఆవిడ జవాబు చెప్పేలోగా నేను కుర్చీలోంచి లేచాను. ముందుగా అనుకున్నది కాదు.

"నాకు వచ్చిందిరా. ఇవాళ పొద్దున్న 86వ రోజు మందు వేసుకుని వచ్చాను. జూన్‌లో అయిపోతుంది" అన్నాను.

హాలంతా నిశ్శబ్దం. నా గొంతు తగ్గలేదు. అది నాకు బాగా గుర్తు.

స్టాఫ్ రూములో ఒకావిడ తన కుర్చీ కాస్త జరుపుకుంది. బాధ కలిగింది, కలగలేదని చెప్పను. మా లెక్కల మేడమ్ మాత్రం తన బాక్సులోంచి పనసపొట్టు కూర తీసి నేను తింటున్న మూతలో వేసి, అదే చెంచాతో తనూ తింది. ఆవ పెట్టిన పనసపొట్టు మా గోదావరి వాళ్లకి ప్రాణం. ఆ ఘాటు ముక్కుకెక్కి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవ వల్లేనని ఆవిడ అనుకుని ఉంటుంది.

సాయంత్రం చేపలామె వీధిలోకి వచ్చింది. ఆమె కూతురు మా స్కూల్లోనే ఏడు. సంగతి అప్పటికే తెలిసిపోయింది. గుమ్మంలో గంప దించి మెల్లగా అంది: "మా ఆయనకీ అదే టీచరమ్మా. రెండు నెలలు మింగి బాగుందని మానేశాడు. మళ్లీ మొదటికొచ్చింది. రెండోసారి నేనే ఎదురుగా నిలబడి మింగించాను. మీరు ఒక్కరోజు కూడా మానకండి, ఆయ్." చందువాలు తూచి డబ్బు తీసుకుంది, ఒకటి ఎక్కువ వేసింది. ఆరేళ్లుగా మా ఇంటికొస్తున్న మనిషి. ఇద్దరం ఒకే మాట దాచుకుని ఇన్నాళ్లూ చేపల ధరలు మాట్లాడుకున్నాం.

30న ఉగాది. అమ్మ ఊరి నుంచి వేపపువ్వు, కొత్త చింతపండు, మా దొడ్లో మామిడికాయలు పట్టుకొచ్చింది. అమ్మకి జబ్బు పేరు నేనే చెప్పాను, వంటింట్లో, మామిడికాయ తురుముతుండగా. ఆవిడ చెయ్యి ఆగింది. చాలాసేపటికి, "పిన్నికి మందు లేదు కదే అప్పట్లో" అంది. అంతే. పచ్చడి కలిపి దేవుడి దగ్గర పెట్టి, తన చేత్తో నా అరచేతిలో వేసింది. నాకు వేపపువ్వు చేదు విడిగా తెలిసింది, మాత్రల చేదు కాదు అది. దాని వెనకే బెల్లం వచ్చింది. తిన్నాక అరచెయ్యి కడుక్కోబోతే అమ్మ కిటికీ గూట్లోంచి నా గ్లాసు తీసి, మిగతా గ్లాసులతో కలిపి తోమడానికి పడేసింది. తోమి బోర్లించాక అందులో నాదేదో నేను పోల్చుకోలేకపోయాను.

ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతా మరపడవలు ఆపేస్తారు. నా నడకలో ఉప్పుటేరు పడవలతో క్రిక్కిరిసి కనిపించేది. రంగులు వేసుకుంటూ, చెక్కలు మార్చుకుంటూ అవి కూడా విశ్రాంతి తీసుకున్నాయి. వాటికీ నాకూ ఒకే గడువు. నా 168వ మోతాదు జూన్ 14న, నిషేధంలో చివరి రోజునే. ఆ లెక్క చూసుకుని ఎంత సంతోషించానో! మే నెలలో ముంజలు వచ్చాయి. అమ్మ బొటనవేలితో ఒలిచి ఇస్తుంటే నేనూ అమ్మాయీ పోటీపడి తిన్నాం. కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయతో ఆవకాయ పెట్టాం. ముక్కలు కొట్టడం ఆయన పని, కలపడం నాది. ఐదు కిలోలు తిరిగి వచ్చాయి. మూడు బంతులూ లేచి నిలబడటం మొదలైంది.

జూన్‌లో తీసిన ఎక్స్‌రేలో కుడివైపు అడుగున చిన్న మచ్చ మిగిలింది. అది అలాగే ఉంటుందట. గట్టిగా ఆవలిస్తే ఇప్పటికీ అక్కడ కాస్త లాగుతుంది.

15వ తేదీ తెల్లవారుజామున అమ్మాయిని లేపి వంతెన మీదికి తీసుకెళ్లాను. మధ్యలో ఎక్కడా ఆగలేదు. కింద ఇంజిన్లు ఒకటొకటిగా అందుకుంటున్నాయి. ముక్కుకి పసుపు, కుంకుమ పెట్టిన పడవలు వరసగా సముద్రం వైపు కదులుతున్నాయి. ఒడ్డున ఆడవాళ్లు నిలబడి చూస్తున్నారు. వాళ్లలో మా చేపలామె కూడా ఉంది, చెయ్యి ఊపితే గుర్తుపట్టి తనూ ఊపింది. ఆ ఇంజిన్ల హోరులో ఎవరికీ వినిపించదన్న ధైర్యంతో సీసపద్యం పాదం ఎత్తుకున్నాను. మొదటి వరుస అయ్యింది. రెండో వరుస చివరి సూర్యగణం దగ్గర గాలి సన్నగిల్లింది, కానీ తెగలేదు. పాదం పూర్తయ్యింది.

"ఇంకోటి చదువమ్మా" అంది మా అమ్మాయి. తను సగం తాగిన నీళ్ల సీసా తీసుకుని రెండు గుక్కలు తాగి, రెండో పాదం మొదలుపెట్టాను.