హెచ్‌ఓడీకి చెప్పడం, ఫిర్యాదు చేయడం ఒకటి కాదు

పోయిన నెల ఓ రాత్రి పది దాటాక మా చిన్నాన్న కూతురు ఫోన్ చేసింది. విశాఖలో పీజీ చదువుతోంది. రీల్స్ పంపడమే తప్ప ఫోన్ చేసే రకం కాదు. "అక్కా, ఖాళీయేనా?" అంది. ఆ గొంతు వినగానే స్టవ్ కట్టేసి బాల్కనీలోకి వెళ్లాను. (ఇది రాయడానికి తను ఒప్పుకుంది. ఏ కాలేజీ, ఏ కోర్సు అన్నవి రాయను.)

ఒక సీనియర్. లైబ్రరీ నుంచి హాస్టల్ గేటు దాకా వెంటపడటం, వద్దన్నా మెసేజ్‌లు, చివరికి ఓ రోజు మెట్ల దగ్గర చెయ్యి పట్టుకున్నాడు. ఎవరికైనా చెప్పావా అని అడిగాను.

"ఇన్‌చార్జ్ మేడంకి చెప్పానక్కా. అబ్బాయితో మాట్లాడతానన్నారు."

"ఎన్నాళ్లయింది?"

"నెలన్నర."

నా కథలో అది రెండు నెలలు. 2017లో హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇబ్బంది పెట్టినాయన నా గైడే. చాప్టర్ పట్టుకురమ్మనే వంకతో ఆరు దాటాక గదికి పిలిచేవాడు. నా ప్రోగ్రెస్ రిపోర్టు మీద సంతకం పెట్టాల్సింది ఆయనే కాబట్టి ఏడాది పాటు నోరు మూసుకున్నాను. ఇక తట్టుకోలేక హెచ్‌ఓడీ, అంటే మా విభాగాధిపతి, దగ్గరికి వెళ్లాను. ఆయన కూర్చోబెట్టి, టీ తెప్పించి, అంతా విన్నారు. "చూద్దాంలే అమ్మా. నీ థీసిస్ కూడా ఉంది కదా" అన్నారు. బయటికి వచ్చేటప్పుడు నిజంగానే గుండె బరువు దిగినట్టనిపించింది. ఫిర్యాదు చేసేశాననే అనుకున్నాను.

కళ్లు తెరిపించింది ప్రొఫెసర్లెవరూ కాదు, సెక్షన్‌లో పనిచేసే ఒక క్లర్కమ్మ. ఫెలోషిప్ ఫైలు కోసం వెళ్లి, మాటల్లో ఆవిడ దగ్గర ఏడ్చేశాను. ఆవిడ ఓదార్చలేదు. "మరి నీ కంప్లైంట్ ఇన్‌వర్డ్ నంబర్ ఎంత?" అని అడిగింది. అంటే ఆఫీసులో కాగితం అందుకున్నప్పుడు దాని మీద వేసే నంబరు. నా దగ్గర నంబరూ లేదు, కాగితమూ లేదు. టీ తాగానంతే.

చెల్లికి ఆ రాత్రి ముందుగా చెప్పింది ఇదే. పనిచేసే చోట మహిళల మీద లైంగిక వేధింపుల గురించి వచ్చిన 2013 నాటి చట్టం గానీ, యూనివర్సిటీల కోసం యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2016 మేలో నోటిఫై చేసిన నిబంధనలు గానీ గుర్తించేది అంతర్గత ఫిర్యాదుల కమిటీకి, అంటే ఐసీసీకి, రాతపూర్వకంగా ఇచ్చినదాన్నే. సొంతంగా రాయలేని స్థితి ఉంటే రాయడానికి కమిటీయే సాయం చెయ్యాలి. వీసీ (వైస్ ఛాన్సలర్), రిజిస్ట్రార్, డీన్లు, హెచ్‌ఓడీలు ఆ కమిటీలో సభ్యులుగా ఉండకూడదని యూజీసీ నిబంధనల్లోనే ఉంది. మనమేమో చెప్పుకోవడానికి సరిగ్గా వాళ్ల దగ్గరికే పోతాం.

పైగా గడువు మూడు నెలలు. నేను బెంబేలెత్తిపోయింది దానికే, ఎందుకంటే మొదటిసారి జరిగి అప్పటికే ఏడాది దాటింది. కానీ వరసగా జరుగుతూ వచ్చినప్పుడు లెక్క చివరిసారి జరిగిన తేదీ నుంచి మొదలవుతుంది. ఆ లెక్కన నాకింకా మూడు వారాలు మిగిలాయి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పెంచొచ్చు, అంతకుమించి కుదరదు. కోల్‌కతాలో ఒక లా యూనివర్సిటీ అధ్యాపకురాలు వీసీ మీద పెట్టిన ఫిర్యాదు ఇక్కడే ఆగిపోయింది. చివరి సంఘటన 2023 ఏప్రిల్‌లో, ఫిర్యాదు డిసెంబర్‌లో. 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా గడువు దాటిందనే తేల్చింది. అయితే ఈ తీర్పును ఆ వీసీ తన రెజ్యూమెలో చేర్చాలని కూడా చెప్పింది. చదివినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. న్యాయం చదువు చెప్పే చోటే గడువు దాటిపోతే ఇక మనమెంత!

నా ఫిర్యాదు నాలుగు పేజీలు వచ్చింది. తేదీ, చోటు, అన్న మాట, చేసిన పని, అప్పుడు చుట్టుపక్కల ఎవరున్నారు. "మానసిక క్షోభ" లాంటి మాటలన్నీ క్లర్కమ్మ కొట్టేయించింది, "అది వాళ్లకే అర్థమవుతుందిలే" అంటూ. ఆరు కాపీలు కావాలన్నారు. క్యాంపస్ గేటు దగ్గర జిరాక్స్ షాపుకి వెళ్లాను. ఆ కుర్రాడు రోజూ నా నోట్సు జిరాక్స్ తీసేవాడే. మెషీన్ మీద మొదటి పేజీ పెట్టాడు, పై రెండు లైన్లు కంటపడ్డట్టున్నాయి. మిగతా పేజీలన్నీ రాసిన వైపు కిందికి పెట్టి, మొహం రోడ్డు వైపు తిప్పుకుని నిలబడ్డాడు. ఇరవై నాలుగు కాగితాలూ వచ్చేదాకా ఇటు చూడలేదు. డబ్బులిస్తుంటే "తర్వాత చూద్దాం మేడం" అన్నాడు.

కమిటీ సభ్యుల పేర్లున్న బోర్డు మా అడ్మిన్ బిల్డింగ్‌లో బీరువా వెనకాల దొరికింది. అందులో ఒకావిడ అప్పటికే రిటైరయ్యారు.

ఫిర్యాదు అందాక ఏడు రోజుల్లో అవతలి వాళ్లకి కాపీ పంపాలి, వాళ్లు పది రోజుల్లో జవాబివ్వాలి, తొంభై రోజుల్లో విచారణ పూర్తవ్వాలి. నాకు ఆ తొంభై కాస్తా నూట నలభై దాటాయి. ఇద్దరిలో ఎవరి తరఫునా వకీలు ఉండడు. లోపల ఏం జరిగిందన్నది చట్టప్రకారం గోప్యం, అందుకే రాయను. బయట కారిడార్లో ఒక చెక్క బెంచీ ఉండేది. దాని మీద ఒంటరిగా కూర్చున్న గంటలే నాకు లోపలి ప్రశ్నలకన్నా కష్టమనిపించాయి. ఒక్కటి మాత్రం చెప్పగలను. విచారణ తేలేదాకా ఆయన నా పని మీద రిపోర్టు ఇవ్వకూడదు, నా పేపర్లు దిద్దకూడదు అని అడిగే హక్కు నాకుందని తెలిశాకే నిద్రపట్టింది. తర్వాత గైడ్ మారారు, థీసిస్ రెండేళ్లు ఆలస్యంగా ఇచ్చాను.

చెల్లి భయాలు వేరు. మొదటిది, "నాన్నకి తెలిస్తే చదువు మాన్పించేస్తారక్కా." మేజర్ అయిన అమ్మాయి ఫిర్యాదు చేస్తే ఇంట్లో చెప్పి తీరాలని ఆ చట్టంలో ఎక్కడా లేదని చెప్పాను. రెండోది, "రుజువు చెయ్యలేకపోతే తప్పుడు కంప్లైంట్ అంటారేమో." రుజువు కాలేదన్న ఒక్క కారణంతో చర్య తీసుకోవడానికి వీల్లేదు. మూడోది, క్లాసులో అందరూ కాంప్రమైజ్ అవ్వమంటున్నారు. రాజీ అనేది ఫిర్యాదు చేసినవాళ్లు అడిగితేనే, అది కూడా డబ్బుతో కాదు. విద్యార్థుల వ్యవహారమైతే కమిటీలో ముగ్గురు విద్యార్థులు కూడా ఉంటారంటే చెల్లికి ధైర్యానికి బదులు టెన్షన్ పెరిగింది. ఊరంతా తెలిసిపోతుందని. అది నిజంగా ఉండే భయమే, కొట్టిపారేయలేను. గోప్యత వాళ్లకీ వర్తిస్తుందని మాత్రం చెప్పాను.

పోలీసుల సంగతీ చెప్పాను. వెంటపడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్, చెయ్యి పట్టుకుని వేధించడం 75. ఏ స్టేషన్‌కి వెళ్లినా, అది వాళ్ల పరిధి కాకపోయినా, కేసు రాసుకోవాల్సిందే. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఐసీసీ విచారణ నడుస్తున్నా కేసు పెట్టొచ్చు, ఈ మూడు నెలల గడువు దానికి లేదు. అప్పటికప్పుడు ప్రమాదమైతే 112, మాట్లాడటానికి ఎవరైనా కావాలంటే మహిళా హెల్ప్‌లైన్ 181. తెలంగాణలో అయితే 2014 నుంచీ ఆడవాళ్ల భద్రత కోసం పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి, మఫ్టీలో తిరుగుతారు, వాట్సాప్‌లోనూ ఫిర్యాదు తీసుకుంటారు. చెల్లి స్టేషన్ వద్దంది. నేను బలవంతపెట్టలేదు. "వాణ్ని బ్లాక్ చేసేశానక్కా, చాట్ కూడా డిలీట్ చేద్దామనుకుంటున్నా" అన్నప్పుడు మాత్రం గట్టిగా అరిచాను. స్క్రీన్‌షాట్లన్నీ ఆ రాత్రే నాకు పంపించింది, తేదీలు కనబడేలా.

పీడకలలొచ్చి తను లేవలేని పరిస్థితి ఉంటే రూమ్మేటో నేనో కూడా తన తరఫున ఇవ్వొచ్చు. తనే రాసింది. నాకన్నా నయం, రెండు పేజీల్లో ముగించింది. వారం తర్వాత ఫొటో పెట్టింది. "రిసీవ్డ్" ముద్ర వంకరగా పడి సగం మార్జిన్ బయటికి పోయింది, కానీ ఇన్‌వర్డ్ నంబరూ తేదీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఫొటోని రెండుసార్లు జూమ్ చేసి చూసుకున్నాను.

వచ్చే వారం పిలిచారట. కాలేజీకి సెలవు పెట్టాను. పొద్దున్నే కాకినాడ నుంచి సామర్లకోట వెళ్లి అక్కడ రైలెక్కాలి. లోపలికి నన్ను ఎలాగూ రానివ్వరు. కారిడార్లో బెంచీ ఉందో లేదో కనుక్కోమన్నాను.