కరెంటు పోతే గేమ్ పోతోంది: బడ్జెట్ పీసీ, ఇంటి ఇన్వర్టర్, ఆ 40 మిల్లీసెకన్లు

నిన్న రాత్రి మళ్ళీ రీస్టార్ట్ అయింది. కరెంటు పోయింది, ఇన్వర్టర్ అందుకుంది, ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, వైఫై కూడా పోలేదు, నా పీసీ మాత్రం ఠక్కున పడిపోయి మళ్ళీ తనే లేచి బోర్డు లోగో చూపించింది. ఎండాకాలం హన్మకొండలో కరెంటు ఇలా వచ్చి పోవడం కొత్తేం కాదు, కానీ ప్రతిసారీ గేమ్ మధ్యలోనే చావాలా?

బిల్డ్ సంగతి ముందే చెప్పేస్తా, అందులో గొడవేం లేదు. రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ450 బోర్డు, 8+8 జీబీ డీడీఆర్4 3200 ర్యామ్, ఆర్ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు, 550 వాట్ల బ్రాంజ్ పవర్ సప్లై. ప్రాసెసర్, బోర్డు కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్ళి తెచ్చినవి, కార్డు ఇక్కడే సెకండ్‌హ్యాండ్, ఏఐ సర్వర్ల పుణ్యమా అని ర్యామ్ ధరలు మండిపోతున్నాయి కాబట్టి అదీ వాడిందే. మొత్తం 50 వేల లోపు తేలింది. బయోస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని దాని అసలు స్పీడ్‌లో నడిపే సెట్టింగ్) ఆన్ చేయగానే 3200 పట్టుకుంది.

షాపుల్లో బడ్జెట్ అనగానే లోపలే గ్రాఫిక్స్ ఉండే 5600జీ ప్రాసెసర్ చేతిలో పెడతారు. కార్డు ఇప్పట్లో కొనే ఉద్దేశం లేకపోతే సరే, ఆరు నెలల్లో కొంటాం అనుకునేవాళ్ళకి మాత్రం నేను వద్దంటా. దాంట్లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 16 ఎంబీ, మామూలు 5600లో 32, గేముల్లో ఆ తేడా తెలుస్తుంది. కొత్త తరం బీ550 బోర్డుకి పైన పెట్టే మూడు వేలు కూడా ఈ కార్డుతో దండగే. 6600 ఎలాగూ ఎనిమిది లేన్లదే (లేన్లంటే కార్డుకీ బోర్డుకీ మధ్య డేటా దారులు), బీ450లో ఉన్న పాత పీసీఐఈ 3 స్పీడ్‌లో నడిచినా 8 జీబీ మెమరీ ఉంది కాబట్టి పెద్దగా నష్టం లేదు. అదే 6500 ఎక్స్‌టీ అయితే నాలుగు లేన్లు, మెమరీ 4 జీబీ, బీ450లో పెడితే చతికిలబడుతుంది. సగం ధరకి ఇచ్చినా తీసుకోను.

ఇక అసలు తలనొప్పి. డెస్క్‌టాప్ మీద ఊరికే ఉన్నా, వీడియో చూస్తున్నా కరెంటు పోతే పీసీకి ఏం కాదు. గేమ్ నడుస్తుంటేనే పడిపోతుంది. విండోస్ లాగ్ చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 తప్ప ఇంకేం లేదు, అంటే సరిగ్గా షట్‌డౌన్ కాలేదని, ఆ ముక్క మనకూ తెలుసు. అడిగిన ప్రతివాడూ "650 వాట్ల సప్లై వెయ్ అన్నా" అన్నాడు. ప్లగ్ దగ్గర వాట్ మీటర్ పెట్టి చూశా: ఖాళీగా 55, గేమ్‌లో 235, సీపీయూ, కార్డు రెండూ కలిపి పిండితే 270. 550కి ఇది సగం. అంటే వాట్లు చాలక కాదు.

అనుమానం ఛేంజోవర్ మీదకి వెళ్ళింది. కరెంటు పోయాక ఇన్వర్టర్ బ్యాటరీ మీదకి మారేలోపు వచ్చే ఖాళీలో పీసీని నిలబెట్టేది పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్ ఒక్కటే. ఫ్యాన్ జాలీలోంచి టార్చ్ కొడితే దాని మీద 400 వోల్ట్, 270 మైక్రోఫారడ్ అని కనిపించింది (డబ్బా మాత్రం విప్పకండి, ప్లగ్ పీకినా లోపల చార్జ్ ఉంటుంది). సుమారు 385 వోల్టుల నుంచి 300కి పడేదాకా పనికొస్తుందనుకుంటే చేతిలో ఉన్నది దాదాపు 7.9 జౌళ్ళు. 235 వాట్ల దగ్గర అది 33 మిల్లీసెకన్లు. 55 దగ్గర 140 పైనే. 300 అనేది నా అంచనా, కానీ ఖాళీగా ఉంటే బతకడం, గేమ్‌లో చావడం ఈ లెక్కకి సరిగ్గా అతికింది.

మరి ఇన్వర్టర్ ఎంత టైమ్ తీసుకుంటోంది? ఆసిల్లోస్కోప్ కొనే స్తోమత లేదు, ఫోన్‌లో 240 ఫ్రేముల స్లో మోషన్ ఉంది. ఎల్ఈడీ బల్బులో దానికీ ఓ కెపాసిటర్ ఉంటుంది కాబట్టి పనికిరాదు, పాత స్విచ్ బోర్డు మీద నారింజ రంగులో వెలిగే నియాన్ ఇండికేటర్ అయితే కరెంటుతో పాటే ఆరుతుంది, వెలుగుతుంది. దాని మీద ఫోకస్ లాక్ చేసి, గది చీకటి చేసి, ఇన్వర్టర్ మెయిన్స్ ప్లగ్ స్విచ్ కట్టేశా. మామూలుగా సగం సైకిల్‌కి ఒకసారి మినుకుతూ కనిపిస్తుంది, స్విచ్ కట్టిన చోట 9, 10 ఫ్రేములు పూర్తి చీకటి. ఒక్కో ఫ్రేమ్ 4.17 మిల్లీసెకన్లు, అంటే 40 చుట్టూ. పీసీ పవర్ సప్లైలకి ప్రమాణమైన ఏటీఎక్స్ డిజైన్ గైడ్ వాటిని ఆగమని అడిగేది 17 మిల్లీసెకన్ల చుట్టూనే, దాన్నేం అనాలి!

ఇన్వర్టర్ వెనక స్విచ్ నార్మల్ మోడ్ నుంచి యూపీఎస్ మోడ్‌కి మారిస్తే చీకటి 2, 3 ఫ్రేములకి దిగింది, గేమ్ నిక్షేపంగా నడిచింది. అయిపోయిందనుకున్నా. సాయంత్రం ఏడు దాటాక ఇన్వర్టర్ టక్ టక్ మని కొట్టుకోవడం మొదలెట్టింది. మల్టీమీటర్ పెడితే 172 నుంచి 178 వోల్టులు, వీధంతా ఏసీలు, కూలర్లు. యూపీఎస్ మోడ్‌లో 180 కంటే తగ్గితే బ్యాటరీ మీదకి దూకేస్తుంది, నార్మల్‌లో 100 దాకా ఓర్చుకుంటుంది. రాత్రి పదికల్లా బ్యాటరీ ఖాళీ, ఇంట్లో ఫ్యాన్లు బంద్. "నీ డబ్బా ఒక్కదానికోసం ఇల్లంతా ఉక్కపోతనారా" అని బాపు లేచి స్విచ్ మళ్ళీ నార్మల్‌కి తిప్పేశాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

తర్వాత లోడ్ తగ్గించే పని. ఏఎండీ వాళ్ళ అడ్రినలిన్ సాఫ్ట్‌వేర్‌లో కార్డు వోల్టేజ్ 1150 నుంచి 1060 మిల్లీవోల్టులకి దించా, ఫ్రేములు 60కి కట్టేశా, బయోస్‌లో ప్రాసెసర్ ఎకో మోడ్ 45 వాట్లు. మీటర్ 235 నుంచి 160కి దిగింది. లెక్క ప్రకారం 49 మిల్లీసెకన్లు, 40 కంటే ఎక్కువే. స్విచ్ కట్టి చేసిన పరీక్షల్లో ఒక్కసారి కూడా పడలేదు. కానీ నిజంగా కరెంటు పోయినప్పుడు ఇప్పటికీ అప్పుడప్పుడు పడుతోంది, నిన్నటిది కూడా అలాంటిదే. నా ఊహ ఏంటంటే, స్విచ్ కడితే వోల్టేజ్ ఒక్కసారిగా సున్నా అవుతుంది, లైన్ పోయినప్పుడు మాత్రం వీధిలోని మోటార్లు, ఫ్రిజ్‌లు దాన్ని కిందికి లాగుతూ మెల్లగా చంపుతాయి, 100 దాకా పడితే గానీ నార్మల్ మోడ్‌కి అనుమానం రాదు, అంతలో నా కెపాసిటర్ ఖాళీ. ఇంకో అనుమానం, ముందే వోల్టేజ్ 175 దగ్గర ఉన్నప్పుడే ఎక్కువ పడుతోందా అని. సప్లైలో బయటి వోల్టేజ్ తగ్గినా లోపలిది నిలబెట్టే పీఎఫ్‌సీ సర్క్యూట్ ఉంది కాబట్టి లోపల 385 మారకూడదు, అయినా నోట్ చేస్తున్నా.

650, 750 వాట్ల సప్లై కొంటే అస్సలు లాభం ఉండదని కాదు, వాటిలో సాధారణంగా కెపాసిటర్ పెద్దది, అదే లోడ్‌కి ఎక్కువసేపు ఆగుతుంది. కానీ ఐదారు వేలు పెట్టి ఇంకో పది మిల్లీసెకన్లు కొనడం నాకు మింగుడు పడట్లేదు. ఆ డబ్బుకి పీసీ ఒక్కదానికే లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ (వోల్టేజ్ కాస్త తగ్గినా బ్యాటరీ మీదకి వెళ్ళకుండా తనే సర్దేది) వస్తుంది. ఏపీసీ 600 వీఏ అంటే 360 వాట్లు, నా 270కి చాలు. టెన్షన్ ఎక్కడంటే బ్యాటరీ మీద అది ఇచ్చేది మెట్లు మెట్లుగా ఉండే వేవ్, యాక్టివ్ పీఎఫ్‌సీ సప్లైలు కొన్ని దాంతో పడవు. 1100 వీఏది 660 వాట్లు, కాస్త ఊపిరి ఉంటుంది గానీ వేవ్ మాత్రం అదే. ప్యూర్ సైన్ వేవ్‌వి నా బడ్జెట్‌కి అందవు. రెండో దారి ఇన్వర్టర్ ముందు స్టెబిలైజర్ పెట్టి, సాయంత్రాలు కూడా 200 పైన ఉంచి, యూపీఎస్ మోడ్‌లోనే వదిలేయడం. ఇల్లంతటికీ పనికొస్తుంది కాబట్టి బాపు సగం డబ్బులు పెట్టుకునే ఛాన్స్ ఉంది.

ముందు ఫ్రెండ్ దగ్గరి 600 వీఏ అరువు తెచ్చి, గేమ్ పెట్టి ప్లగ్ పీకి చూస్తా. పడకపోతే అదే కొనేస్తా. ఈలోపు స్టాండ్ మీద ఫోన్‌ని నియాన్ వైపు తిప్పి రికార్డింగ్‌లో పెట్టా, నిజమైన కట్ ఒకటి దొరికితే ఎన్ని ఫ్రేముల చీకటో తేలుతుంది. రెండో ఎస్ఎస్‌డీ ఇంకో నెల ఆగాల్సిందే.