ఎడమ కాలి చెప్పు

మా ఓటీలో, అంటే ఆపరేషన్ థియేటర్‌లో, ఎవరైనా నడుం నొప్పి అంటే "ఎవరికి లేదు చెప్పు" అని నవ్వి ఊరుకుంటాం. నేను కూడా దాదాపు రెండేళ్లు అట్లనే నవ్వి ఊరుకున్నాను.

హన్మకొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పన్నెండేళ్లుగా థియేటర్ నర్సుని. అందులో తొమ్మిదేళ్లు ఎముకల ఆపరేషన్లు చేసే ఆర్థో ఓటీ, ఆ తొమ్మిదేళ్లూ దాదాపు స్క్రబ్‌లోనే. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, స్క్రబ్ నర్సు అంటే చేతులు కడుక్కుని, స్టెరైల్ గౌను, గ్లవ్స్ వేసుకుని సర్జన్‌కి సామాను అందించేది. ఒకసారి స్క్రబ్ అయ్యాక బయట దేన్నీ ముట్టుకోవద్దు, ముక్కు దురద పెట్టినా గోక్కోవద్దు. సర్క్యులేటింగ్ నర్సు దానికి ఇవతలి వైపు. పేషెంట్‌ని లోపలికి తెచ్చుకోవడం, పొజిషన్ ఇవ్వడంలో చెయ్యి వేయడం, అడిగిన దారం ప్యాకెట్ విప్పి అందించడం, రక్తం అద్దే గుడ్డలు, అంటే మాప్‌ల లెక్క బోర్డు మీద రాయడం, ఫోన్ ఎత్తడం, బ్లడ్ కోసం పరుగెత్తడం అన్నీ ఆమెవే. ఈ పనులు అందరికీ తిప్పుతూ వేయాలి. మా గోడ మీద రొటేషన్ చార్టు కూడా ఉండేది, నెలనెలా అందరి పేర్లూ మారేవి, నా పేరు తప్ప. సర్జన్ సార్‌కి నా చెయ్యి అలవాటు, ఆయన అరచేయి చాపితే అడగకముందే కావాల్సింది పెట్టేదాన్ని. అబద్ధం ఎందుకు, అది నాకు గొప్పగానే ఉండేది. ఎప్పుడైనా మనుషులు తక్కువై నన్ను సర్క్యులేటింగ్‌లో వేస్తే శిక్ష వేసినట్టు మొహం మాడ్చుకునేదాన్ని.

మోకాలి మార్పిడి కేసు అంటే నాలుగైదు ట్రేల సామాను, ఒక్కో ట్రే ఎత్తాలంటే మామూలు బరువు కాదు. తొంటి, తొడ ఎముక విరిగిన కేసులకు సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం వాడతారు కాబట్టి గౌను లోపల ఐదారు కిలోల లెడ్ (సీసం) ఏప్రాన్, అదంతా భుజాల మీద, నడుం మీద. నడుం కొంచెం ముందుకు వంచి, మెడ టేబుల్ వైపు తిప్పి, ఒక్కచోటే మూడు గంటలు నిలబడి ఉండటం. ఆ రోజు ఆపరేషన్ల లిస్టులో అలాంటివి మూడు. పక్క ఓటీలో సర్క్యులేటింగ్ చేసే పిల్ల రోజంతా తిరిగి తిరిగి కాళ్లు నొప్పులు అనేది, నాకేమో కదిలే అవకాశమే లేదు.

మొదట పిరుదులో నొప్పి, తర్వాత తొడ వెనక నుంచి పిక్క బయటి వైపుగా పాదం మీదికి దిగింది. తుమ్మితే కరెంటు కొట్టినట్టు. పరకాల దగ్గర మా ఊరి నుంచి అమ్మ వచ్చి నూనె రాసి కాపడం పెట్టింది, "నేను పత్తి ఏరి ఏరి నడుం వంగిపోయింది, నాకెవడన్న ఫొటో తీసిండా" అని కూడా అంది, దానికి నా దగ్గర జవాబు లేదు. ఎమ్మారైలో నడుము నాలుగు, ఐదు పూసల మధ్య డిస్కు జారి ఎడమ వైపు నరాన్ని నొక్కుతోందని వచ్చింది. ఇట్లాంటివి చాలావరకు ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతాయి, డాక్టర్ కూడా అదే చెప్పి ఫిజియోథెరపీ రాశారు, ఆర్నెల్లు బరువులు ఎత్తొద్దన్నారు. నేను పది రోజులు సెలవు పెట్టి, పదకొండో రోజు మాత్రలు వేసుకుని డ్యూటీకి పోయాను. మళ్లీ స్క్రబ్‌లోనే వేశారు. వద్దని అడగలేదు, అదీ నా తప్పే అనుకోండి, కానీ చార్టు రాసేవాళ్లకు ఎమ్మారై చూపించిన తర్వాత కూడా నేను నోరు తెరిచి అడగాలా?

భద్రకాళి చెరువు బండ్ మీద ఒక ఆదివారం సాయంత్రం, పిల్లలకు మొక్కజొన్న కంకులు కొనిచ్చి మెల్లగా నడుస్తున్నాం. ఎడమ కాలి చెప్పు జారిపోయింది. వెనక్కి పోయి వేసుకుని నాలుగడుగులు వేస్తే మళ్లీ జారింది. మా ఆయన "చెప్పు పాతబడ్డది, కొత్తది తీసుకుందాం" అన్నాడు. నాకు మాత్రం ఒళ్లు చల్లబడింది. అక్కడే రెయిలింగ్ పట్టుకుని మడమల మీద నిలబడి చూశాను. కుడి పాదం ముందు భాగం లేచింది, ఎడమది లేవలేదు. బొటనవేలు పైకి లేపమని మెదడు చెప్తోంది, వేలు వినడం లేదు. నొప్పి అయితే ఓర్చుకుంటాం, బలం పోవడం వేరు, ఇంక ఆగకూడదని మాకు చదువులోనే చెప్తారు. ఆ మాట నేనే ఎంతమందికి చెప్పి ఉంటాను.

రెండు రోజులకు ఆపరేషన్ పెట్టారు, మా ఓటీలోనే. తొమ్మిదేళ్లు పని చేసిన గది సీలింగ్ ఎట్లుంటుందో ఆ రోజే చూశాను, లైటు డోమ్ పక్కన ఒక గోధుమ రంగు మరక, ఏదో లీకై ఎండినట్టు. ఏసీ తగ్గించమని నేనే ఎప్పుడూ అరిచేదాన్ని, ఇప్పుడు పళ్లు కొట్టుకుంటున్నాయి. సర్క్యులేటింగ్‌లో ఉన్నది రెండేళ్ల సర్వీసు కూడా లేని పిల్ల. అంతకు వారం ముందే దారం నంబరు తప్పు విప్పిందని అందరి ముందు కేకలేశాను దాన్ని. ఆ పిల్ల ఫైలు పట్టుకుని వచ్చి "అక్కా, మీ పేరు చెప్పండి" అంది. నవ్వొచ్చింది. "ఏం ఆపరేషన్? ఏ వైపు? ఏమైనా మందులు పడవా?" ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సేఫ్టీ చెక్‌లిస్టు అది, మొత్తం 19 అంశాలు, మత్తు ఇవ్వకముందు కొన్ని, కోత పెట్టకముందు కొన్ని, పేషెంట్ ఓటీ దాటకముందు కొన్ని. మేం రోజూ గబగబా టిక్కులు పెట్టేసే కాగితమే. "ఎడమ వైపు" అని చెప్తుంటే నా గొంతు వణికింది.

స్క్రబ్ చేసిన సిస్టర్ నాకు పదేళ్ల స్నేహితురాలు. ఆమె ట్రాలీ వైపే చూస్తూ సామాను సర్దుకుంటోంది, నా వైపు తిరగలేదు. తిరగదు కూడా, నేనూ ఏ రోజూ తిరిగినదాన్ని కాదు, స్టెరైల్ చేతులతో ఎవర్ని పట్టుకుంటాం? నన్ను ముట్టుకోగలిగింది ఆ పిల్ల ఒక్కతే. ఇంకో దుప్పటి తెచ్చి కప్పింది, దాని కిందనుంచి నా చెయ్యి పట్టుకుని "అక్కా, నేనిక్కడే ఉంట" అంది. పాలలాంటి తెల్లటి మందు లైన్‌లోకి ఎక్కడం చూశాను. బోర్డు మీద దాని చేతిరాత, "పాటీలు 10". పాటీలంటే నరాల దగ్గర వాడే దారం కట్టిన చిన్న దూది ముక్కలు. అంతే గుర్తుంది.

లేచేసరికి గొంతు మంట, నాలుక ఎండిపోయింది, కానీ కాలి నొప్పి లేదు. నిజంగా లేదు. మరుసటి రోజు బెల్టు కట్టి నడిపించారు. మంచం మీద తిరగాలంటే నడుం మెలిపెట్టకుండా భుజాలు, తుంటి కలిపి దుంగ దొర్లినట్టు దొర్లాలి. ఎంతమంది పేషెంట్లకు "ఏం లేదమ్మా, ఒక పక్కకి దొర్లండి" అని చెప్పానో, చేస్తే తెలిసింది. రెండు వారాలకు కుట్లు తీశారు. ఆరు వారాలు వంగడం, బిందె ఎత్తడం, బండి మీద పోవడం బంద్. అమ్మ రోజూ పొద్దున వచ్చి "ఏదీ, బొటనవేలు లేపు బిడ్డా" అని పరీక్ష పెట్టేది, ఫిజియో కన్నా ఆమెకే పట్టుదల ఎక్కువ. మూడో నెలలో మడమల మీద నిలబడగలిగాను. వేలి పక్కన కొంచెం మొద్దుబారినట్టు ఇప్పటికీ ఉంది.

నేను లేనప్పుడు మోకాళ్ల లిస్టు రెండుసార్లు వాయిదా పడిందట, ఆ సామాను చేతిలో ఆడే రెండో మనిషి లేక. ఒక్కరినే నమ్ముకుంటే అంతే మరి. అప్పుడు గానీ చార్టుని సీరియస్‌గా తీసుకోలేదు. మొదట అత్యుత్సాహంతో వారానికోసారి మార్చారు, అదీ తప్పే, వారంలో ఎవరికీ ఏదీ రాదు. ఇప్పుడు రెండు నెలలకు ఒకసారి స్క్రబ్, సర్క్యులేటింగ్, రికవరీ (ఆపరేషన్ అయినవాళ్లను చూసుకునే గది) తిరుగుతున్నాయి. సార్ కొన్నాళ్లు చిరాకుపడ్డారు, తర్వాత అలవాటు చేసుకున్నారు.

నన్ను సర్క్యులేటింగ్‌లో వేశారు. ఆ పిల్ల మోకాలి కేసుకి స్క్రబ్. కుట్లు వేసే ముందు ఇద్దరం బయటికి వినబడేట్టు మాప్‌లు లెక్కపెడుతున్నాం. ఆరు దగ్గర ఫోన్ మోగింది, ఎత్తి "తర్వాత చేయండి" అని పెట్టేసి "ఆ, ఏడు" అన్నాను. ఆ పిల్ల మాస్కు పైనుంచి నన్ను చూసి చెయ్యి ఆపింది.

"అట్ల కాదక్కా, మధ్యలో ఆగినం. మళ్లీ ఒకటి నుంచి."

"ఒకటి" అన్నాను.