ఏడ్చిందా?

పదకొండున్నర దాటింది. మా చంటిది బుల్లితో సహా అందరూ పడుకున్నారు. తెల్లారకుండా లేచిన మనిషిని, నేనూ పడుకోవాలి. కానీ ఇది టైప్ చేస్తే గాని నిద్ర పట్టేలా లేదు.

ఇవాళ "విమానంలో ఏడ్చిందా?" అని ఎంతమంది అడిగారో. వైజాగ్ ఎయిర్‌పోర్టు బయట కారు డ్రైవరు అడిగాడు. గేటు తీస్తూ నాన్న అడిగారు. వెనకింటి అత్త గోడ మీంచి తొంగిచూసి అడిగింది. పార్వతీపురం పిన్ని ఫోన్ చేసి మరీ అడిగింది. ఇక మా మేనేజరుగారి సంగతి, అదే, బుల్లి వాళ్ళ నాన్న. విమానం దిగి ఫోన్ ఆన్ చెయ్యగానే ఆయన మెసేజ్: "ఏడ్చిందా?" చేరారా అని కూడా కాదు.

లేదు, ఏడవలేదు అని చెబితే అందరి మొహాల్లోనూ ఒక చిన్న నిరాశ. "అస్సలు ఏడవలేదేటి?" అని పిన్ని రెట్టించింది కూడా. నలుగురికి చెప్పుకోవడానికి ఏమీ దొరకలేదని కాబోలు.

తల్లి ఏడ్చిందా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. దాదాపు ఏడ్చాను. అదీ గాల్లో కాదు, బెంగళూరులో నేల మీద, చెకిన్ కౌంటర్ ముందు.

ఈసారి కూడా రైలు దొరకలేదు. దసరా సెలవులూ మా విజయనగరం పైడితల్లమ్మ పండగా కలిసొస్తే, అరవై రోజుల ముందు బుకింగ్ తెరిచిన పూటే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ వెయిటింగ్ లిస్టులోకి వెళ్ళిపోతుంది. ఎల్లుండే తొలేళ్ళు, అంటే పండగ ముందురోజు; ఆ మర్నాడు సిరిమాను, పూజారిని చివర కూర్చోబెట్టి పొడుగాటి మానుని ఊరేగించే రోజు. బుల్లిని అమ్మవారికి చూపించాల్సిందేనని మామ్మ పట్టు. మేనేజరుగారికి సెలవు లేదు. సరే, గంటన్నరే కదా అని నేనొక్కదాన్నే బయల్దేరాను.

రెండేళ్ళలోపు పిల్లలకి విమానంలో సీటుండదు, ఒళ్ళో పెట్టుకోవాలి. సీటు లేకపోయినా డబ్బులు కట్టించుకుంటారు, అది వేరే సంగతి. రెండేళ్ళలోపే అని కాగితం చూపించాలి. బుల్లికి అయిదో నెల. మెడ నిలబెట్టడం ఇప్పుడిప్పుడే వచ్చింది. దాన్ని చూసి రెండేళ్ళు నిండాయేమో అని ఎవరికైనా అనుమానం వస్తుందా? సరే, రూలు రూలే. బర్త్ సర్టిఫికెట్ ఇచ్చాను. కౌంటర్‌లో అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇందులో బేబీ పేరు లేదు కదా మేడమ్" అంది.

ఎలా ఉంటుంది? పుట్టిన ఇరవై ఒక్క రోజుల్లో రిజిస్టర్ చేయించాలి. మనమేమో ఇరవై ఒకటో రోజున బారసాల చేసి అప్పుడు పేరు పెడతాం. అందుకని ఆ కాగితం మీద నా పేరుంది, వాళ్ళ నాన్న పేరుంది, ఆడ అని ఉంది, తేదీ ఉంది, విజయనగరం అని ఉంది. పేరు దగ్గర మాత్రం ఖాళీ. తరవాత వెళ్ళి రాయించుకోవచ్చు, ఏడాదిలోపు అయితే ఆలస్య రుసుం కూడా ఉండదు. ఆ పని నాన్న నెత్తిన వేసుకున్నారు. "సోమవారం వెళ్తానమ్మా" అన్నారు. ఏ సోమవారమో చెప్పలేదు.

టికెట్ మీదేమో బుల్లి పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. మూడో నెలలో సారె పెట్టి పంపినప్పుడు వైజాగ్‌లో ఇదే కాగితం చూపిస్తే మారు మాట్లాడకుండా బోర్డింగ్ పాస్ ఇచ్చారు. ఆ మాటే చెప్పాను. "అది నాకు తెలీదు మేడమ్, ఇక్కడ మ్యాచ్ అవ్వాలి" అంది. టీకాల కార్డు తీశాను. దాని మీదా 'బేబీ ఆఫ్' అని నా పేరే. గుండెల మీద కట్టుకున్న క్యారియర్‌లోంచి బుల్లి చెయ్యి చాపి ఆ కార్డు లాక్కుని, అంచు నోట్లో పెట్టుకుంది. వెనక క్యూలో ఎవరిదో ట్రాలీ నా మడమలకి తగులుతోంది. ఒకసారి తగిలితే పొరపాటు. ఆయన ఆపకుండా తగిలిస్తూనే ఉన్నాడు.

చివరికి సూపర్‌వైజరు వచ్చాడు. కార్డు చూశాడు, నన్ను చూశాడు, చొంగ కారుస్తున్న బుల్లిని చూశాడు, "ఇచ్చెయ్యండి" అన్నాడు. అంతే! ఆ ఒక్క ముక్క కోసం నేను నిల్చున్న సేపట్లో సిరిమాను కోట దాకా వెళ్ళి తిరిగొచ్చేది.

బోర్డింగ్ పాస్ చూసుకుంటే ఇంకోటి. డబ్బులు కట్టి తీసుకున్న కిటికీ సీటు పోయి, వేరే వరసలో నడవా పక్కది వచ్చింది. ఆ అమ్మాయి కావాలనే చేసిందని సెక్యూరిటీ దాకా తిట్టుకుంటూ నడిచాను. సెక్యూరిటీలో ఆడవాళ్ళ గదిలో ఉన్న ఆవిడ బుల్లితో కాసేపు ఆడింది గాని, అప్పటికి నాకు నవ్వే ఓపిక లేదు. విమానం ఎక్కాక ఎయిర్‌హోస్టెస్ చెప్పింది సీటు ఎందుకు మార్చారో. నా పాత వరసలో అటువైపే ఇంకో చంటిపిల్ల ఉందట. మూడు సీట్ల మీద ఆక్సిజన్ మాస్కులు నాలుగే ఉంటాయి, అదనంగా ఉన్నది ఒక్క పసిబిడ్డకే. అందుకే ఒక పక్క ఒకరినే కూర్చోబెడతారు. కౌంటర్ అమ్మాయి మీద కోపం సగం అక్కడ తగ్గింది. మిగతా సగం అలాగే ఉంది, ఉండనివ్వండి.

బుల్లికి వేరే బెల్టు ఇచ్చారు. చిన్నది, దానికో లూపు. ఆ లూపులోంచి నా బెల్టు దూర్చి పెట్టుకుని, దాని నడుం చుట్టూ వాళ్ళ బెల్టు బిగించాలి. బిగించిన మరుక్షణం దాని చివర నోట్లోకి వెళ్ళింది. ఎంతమంది పిల్లలు చీకారో ఆ పట్టీని! లాక్కుంటే ఏడుస్తుంది, వదిలేస్తే నాకు కడుపులో తిప్పుతుంది. వదిలేశాను.

అవసరమైతే ముందు మీరు మాస్కు వేసుకోండి, తరవాతే పాపకి వెయ్యండి అని కూడా చెప్పిందా అమ్మాయి. సాయంత్రం ఈ మాట చెబితే మామ్మ మండిపడింది. "ముందు తల్లి ఏసుకోడవేటే? ఆ మాట చెప్పడానికి నోరెలా వొచ్చిందే దానికి?" అని. అంత ఎత్తులో గాలి అందకపోతే నిమిషం తిరక్కుండానే మనకి స్పృహ తప్పుతుంది మామ్మా, నేను పడిపోతే దానికెవరు పెడతారు అని నచ్చజెప్పబోయాను. వినలేదు. చెవుల్లో దూది పెట్టలేదని ఇంకో కోపం. దూది చలిగాలిని ఆపుతుందేమో గాని ఒత్తిడిని ఆపదు. గుటక వేస్తేనే చెవికీ గొంతుకీ మధ్య ఉండే గొట్టం తెరుచుకుంటుంది. పసిపిల్లలకి అది మరీ సన్నం. ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే చెవి నొప్పి ఎక్కువ. అందుకే కిందికి దిగుతున్నామని చెప్పేదాకా పాలివ్వకుండా ఆపి, అప్పుడు చున్నీ కప్పుకుని పట్టించాను. విమానం ఆగేదాకా తాగుతూనే ఉంది. ఏడవకపోవడం వెనక ఇంత కథ ఉంది. "బంగారుతల్లి, ఏడవలేదు" అని మార్కులన్నీ దానికే వేసేశారు.

అన్నట్టు, పొద్దున్నుంచి నేను మంచినీళ్ళు తాగలేదు. తాగితే బాత్రూమ్‌కి వెళ్ళాలి, వెళ్తే బుల్లిని ఎవరు పట్టుకుంటారు? పక్క సీట్లో ఒక రాజాం కుర్రాడు, ఇంజినీరింగ్ చదువుతున్నాట్ట. నేను కాళ్ళు కదుపుకుంటూ ఉంటే చూసి, "నేను పట్టుకోనా? మా అప్ప కూతుర్ని నేనే ఆడిస్తాను" అన్నాడు. వద్దన్నాను. రెండు నిమిషాలు పోయాక ఇచ్చాను. తల కింద చెయ్యి పెట్టి అలవాటున్నవాడిలాగే పట్టుకున్నాడు. తిరిగొచ్చేసరికి అది వాడి హెడ్‌ఫోన్ వైరుతో ఆడుకుంటోంది. దేవుడిలా ఆదుకున్నాడు, కాదనను. కానీ "వచ్చేశారా ఆంటీ" అన్నాడు. ఆంటీ! వాడికీ నాకూ మహా అయితే పదేళ్ళు తేడా ఉంటుంది.

తగరపువలస దాటుతుంటే డ్రైవరు "భోగాపురం ఎయిర్‌పోర్టు తెరిస్తే ఈ తిప్పలుండవు మేడమ్, ఇంటికి అరగంటే" అన్నాడు. దానికి 2019లో ఒకసారి, 2023లో ఇంకోసారి శంకుస్థాపన అయింది. బుల్లి తన కాళ్ళ మీద నడిచి ఎక్కేనాటికైనా తెరుస్తారు లెండి.

కారులో ఉండగానే నా చిన్నప్పటి రైలు గుర్తొచ్చింది. రైల్లో ఎవరూ ఏడ్చిందా అని అడగరు కదా అని. తమ్ముడు అప్పుడు బుల్లి అంత ఉండేవాడు. భిలాయిలో పెద్దనాన్న ఇంట్లో పెళ్ళి. మన వైపు ఇంటికొకరు భిలాయిలోనో ఖరగ్‌పూర్‌లోనో ఉండే రోజులు. విజయనగరంలో రాయపూర్ పాసింజరు ఎక్కాం. అమ్మ పాత వాయిలు చీర తీసి, ఎదురెదురు సామాన్ల బల్లల ఇనుప కమ్మీలకి ఉయ్యాల కట్టింది. వాడి కాలు ఒకటి బయటికి వేలాడుతూ ఉండేది. దానికి నల్లదారం. రైలు ఊగినప్పుడల్లా ఆ కాలు ఊగేది. బొబ్బిలిలో ఎక్కినావిడ "ఇలా తే అమ్మా గుంటడిని" అని తీసుకుని కాళ్ళ మీద వేసుకుంది. పార్వతీపురంలో ఎక్కినావిడ ఆవిడ దగ్గర్నుంచి పుచ్చుకుంది. రాయగడ వచ్చేసరికి వాడు ఎవరి ఒళ్ళో ఉన్నాడో మాకే తెలీదు. వాడు ఏడ్చాడు, గట్టిగానే ఏడ్చాడు. ఏడిస్తే పెట్టెలో సగంమంది తాళంచెవులు గలగలలాడించారు. ఒక ముసలాయన ఈల వేశాడు. పుట్టిన కాగితం ఏదని అడిగినవాడు లేడు.

ఇక్కడితో ఆపేసి రైలుకి హారతి పట్టేస్తే టపా బాగానే ఉండేది. కానీ రాత్రి భోజనాల దగ్గర ఇదే అమ్మతో అన్నాను. అమ్మ గరిటె పక్కన పెట్టి చూసింది.

"నీకేటే, కిటికీ పక్కన నోరు తెరుచుకుని పడుకునీసావు. ముడి జారిపోద్దేమోనని రాత్రంతా ఆ చీర పట్టుకుని నిల్చున్నది నేను. పాలు విరిగిపోయాయి. ఆ బొబ్బిలావిడ జంతిక ముక్క చేతిలో పెడితే వాడు మింగీసి కక్కుకున్నాడు. మీ నాన్న నీళ్ళకని దిగి, బండి కదిలేదాకా ఎక్కలేదు. రైలు బాగుందిట, రైలు!"

నాన్న మాట్లాడకుండా మజ్జిగ పోసుకున్నారు.

అమ్మ చెప్పింది విన్నాక బొబ్బిలావిడ మీద కోపం రావాలి. రావడం లేదు. జంతిక పెడితే పెట్టింది, అడక్కుండా ఎత్తుకుంది కదా అనిపిస్తోంది. అలాగని ప్రశాంతిలో ఒక పగలూ ఒక రాత్రీ బుల్లితో ఒక్కదాన్నే రాగలనా అంటే, నా వల్ల కాదు. అప్పుడు అమ్మకి ఈ గంటన్నర ఇస్తామంటే ఎన్ని కౌంటర్ల ముందైనా నిల్చునేది.

మామ్మ ఇంతసేపూ మంచం మీంచి వింటూనే ఉంది. "తిరిగెళ్ళినప్పుడు నన్నూ అట్టుకెళ్ళే. చంటిదాన్ని నానెత్తుకుంటాను, నువ్వు ఒంటికెళ్ళి రా" అంది.

ఆధార్ కార్డు తెప్పించి చూశాను. పుట్టిన తేదీ జనవరి 1. మన మామ్మలందరూ ఆ రోజే పుట్టారు కదా! పేరులో కూడా ఒక అక్షరం తేడాగా ఉంది. నాన్న సోమవారం వెళ్ళి అదీ ఇదీ కలిపి చూస్తానన్నారు. సోమవారం తొలేళ్ళు నాన్నా అంటే, అయితే పై సోమవారం అన్నారు.

మామ్మకి కిటికీ సీటే కావాలిట. దానికి ఎక్కువ డబ్బులవుతాయి మామ్మా అంటే, "చంటిదానికి సీటే ఇవ్వలేదన్నావు కదే, ఆ డబ్బులు మనకి మిగిలినట్టే కదా" అంటోంది.