మేక పేగు నాళాలపై క్వెర్సెటిన్: నా ఎం.ఫార్మసీ ప్రాజెక్ట్ అనుభవం

మా గైడ్ ఇచ్చిన ప్రశ్న ఇది: ఉల్లిపాయల్లో ఉండే క్వెర్సెటిన్ అనే ఫ్లేవనాయిడ్ (ఒక రకం మొక్కల పదార్థం), నాళాల్ని బిగించే నార్‌ఎడ్రినలిన్ అనే హార్మోన్‌కి సన్న రక్తనాళాలు స్పందించే తీరును మారుస్తుందా? బీపీని ఎక్కువగా నిర్ణయించేది ఈ సన్న నాళాలే. నాళం వ్యాసం సగమైతే రక్తప్రవాహానికి అడ్డు 16 రెట్లు పెరుగుతుంది. అందుకే ఈ పని నాకు బాగా నచ్చింది.

గుంటూరులో తెల్లవారుతూనే మటన్ కొట్టుకి వెళ్లేదాన్ని. ఆ సన్న నాళాలుండే, పేగుల్ని పట్టి ఉంచే పొర కావాలి. "కొవ్వు తీసెయ్యమంటావా అమ్మాయ్?" అనేవాడు కొట్టు బాబాయి. "వద్దు బాబాయ్, అలాగే ఇచ్చెయ్" అనేదాన్ని. దాన్ని చల్లటి క్రెబ్స్ ద్రావణంలో (కణజాలాన్ని బతికించి ఉంచే ఉప్పునీటి లాంటిది) వేసి, ఐస్ మధ్య పెట్టుకుని ల్యాబ్‌కి పరుగు. ఎండాకాలంలో దారంతా టెన్షనే.

అసలు కష్టం ఆ కొవ్వు తీయడంలోనే ఉంది. నాళం లోపల ఎండోథీలియం అని ఒకే వరుస కణాల పొర ఉంటుంది. నాళాన్ని పరికరానికి తగిలించే సన్న తీగ కాస్త గీరుకున్నా అది పోతుంది, పోయినట్టు కంటికి కనపడదు. అందుకని ముందు నార్‌ఎడ్రినలిన్‌తో నాళాన్ని బిగించి, ఆపైన, ఈ పొర ద్వారా నాళాన్ని వదులు చేసే ఎసిటైల్‌కోలిన్ వేయాలి. వదులైతే పొర బాగున్నట్టు. 1980లో ఫర్చ్‌గాట్ అనే శాస్త్రవేత్త బయటపెట్టింది దీన్నే. ఆ పొర వదిలేది నైట్రిక్ ఆక్సైడ్ అని తర్వాత తేలింది, 1998లో ఆయనతో కలిపి ముగ్గురికి నోబెల్ వచ్చింది. మా ల్యాబ్‌లో నాళం బిగువును చూపే గీత కిందికి దిగడం చూసినప్పుడు నా సంతోషం అంతా ఇంతా కాదు.

క్వెర్సెటిన్ నీళ్లలో సరిగా కరగదు. డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించాలి, మార్పు ఆ ద్రావకం వల్ల కాదని తేలడానికి పక్క నాళానికి ఉత్త డీఎంఎస్‌ఓ ఇచ్చి పోల్చాలి. జూనియర్లూ, విసుగని దీన్ని వదలకండి.

క్వెర్సెటిన్‌లో ఉంచిన నాళం అదే మోతాదుకి తక్కువ బిగుసుకుంది. లోపలి పొరను కావాలనే గీకేసిన నాళంలోనూ అంతే. అంటే అది కండర కణాల మీద నేరుగా కూడా పనిచేస్తోంది. మరో మెలిక కూడా ఉంది. నార్‌ఎడ్రినలిన్‌ని నిర్వీర్యం చేసే సీఓఎంటీ అనే ఎంజైమ్‌కి క్వెర్సెటిన్ అడ్డుపడుతుంది. కాబట్టి బిగించే హార్మోన్ ఎక్కువసేపు నిలిచే అవకాశమూ ఉంది.

"అయితే ఉల్లిపాయలు తిని బీపీ బిళ్ల మానేయనా?" అంది అమ్మ. వద్దే వద్దన్నాను. తిన్న క్వెర్సెటిన్ పేగు గోడలోనూ కాలేయంలోనూ మారి, ఎక్కువగా గ్లూకురోనైడ్ వంటి రూపాల్లో రక్తంలో తిరుగుతుంది. నేను నాళానికి ఇచ్చింది ఆ రూపం కాదు. దానితోనే ప్రయోగం మళ్లీ చేస్తానని గైడ్‌ని అడిగాను. ఖరీదైనా తెప్పిద్దాం అన్నారు.